గుణుపురం కాటా

ముప్పై ఏళ్ళు చింతపండు తూచాను.
మొన్న కార్తీకం నుంచి మనుషుల్ని తూస్తున్నాను.

మార్కెట్ యార్డులో పాత కాటా షెడ్డులోనే పెట్టారు దాన్ని.
అద్దాల గది, అడుగున ఇనప పళ్ళెం,
గోడ మీద ఒడియాలో, సవర లిపిలో, తెలుగులో
కదలారాదు అని ఎర్ర రంగు.
ఆ దీర్ఘం నేనే గోరుతో గీకేశాను.

ఎలా పనిచేస్తుందని నన్నే అడుగుతారు అందరూ.
ఇంజినీరు చెప్పినదాంట్లో నాకు మిగిలింది ఇది:
మనిషి పోడు, మనిషి లెక్క పోతుంది.
నువ్వు యాభై కేజీలైతే
రాయగడ పళ్ళెంలో యాభై కేజీల ఏదో ఒకటి ఉండాలి.
ఆ ఏదో ఒకటి నువ్వవుతావు.
నువ్వు ఆ ఏదో ఒకటై ఇక్కడ పడి ఉంటావు,
నేను బస్తాకెత్తి మూతి కుడతాను.

చదవడానికి పదకొండు సెకన్లు.
దర్జీ భాస్కర పాత్రో ఆపుకోలేక నవ్వాడు.
మూడు రోజులు ఆ నవ్వు మొహంతోనే
బావమరిది చావు ఇంట్లో కూర్చున్నాడు.

వేడి పోదు.
చోడంబలి పంపితే చల్లారి చేరుతుంది.
జ్వరంతో ఎక్కినవాడు చల్లగా దిగుతాడు,
గంట తరవాత జ్వరం దారి కనుక్కుని వస్తుంది.
పార్వతీపురం దాకా పోదు.
దూరమని కాదు, బోర్డరు దాటితే వేరే ఆఫీసు.

ఆషాఢంలో వంశధార రోడ్డెక్కిన రాత్రి
నూకాలుని నులకమంచం మీద మోసుకొచ్చారు.
ఊళ్ళో ఆస్పత్రికి తాళం లేదు, డాక్టరూ లేదు.
పళ్ళెం మీద నిలబెట్టాం.
నొప్పిని పళ్ళ కింద నొక్కిపట్టి
రాయిలా నిలబడింది మనిషి.
తొమ్మిదో సెకనుకి ఎర్రబల్బు.
మళ్ళీ. ఏడుకే ఎర్రబల్బు.
కదిలింది ఆమె కాదు.

"ఇది పోనేకపోతే
ఆ డాట్రమ్మనే ఇటు రమ్మనరాదేటి?"
అంది అత్త, కొంగు పిండుకుంటూ.
పది నెలలుగా మీట నొక్కుతున్న నాకు
ఆ మాట తట్టలేదు.

ఫోను చేస్తే రాయగడలో లిపికా సాబత్ గారు, యాభై ఏడు కేజీలు.
షెడ్డులో చింతపండు నలభై ఒకటి.
ఎవరో చోళ్ళ మూట పడేశారు, తొమ్మిది.
అత్త ఇంటికి పరిగెత్తి
సన్నికల్లు పొత్రంతో సహా తెచ్చింది, నాలుగు.
ఇంకా మూడు.
గోడవారన నా తూకపురాళ్ళు,
సర్కారు ముద్ర అరిగిపోయిన కేజీ రాళ్ళు మూడు.
ఒక్కక్షణం చేతిలోంచి వదల్లేదు వాటిని.
తరవాత పెట్టాను.

డాక్టరమ్మ వచ్చి అడిగిన మొదటి మాట
"పొయ్యి ఎక్కడుంది?"
మంచులాంటి చేతులు.
టీ బడ్డీలో రాజేసిన బొగ్గుల మీద
అటూ ఇటూ తిప్పి, ఊది, రుద్దుకుని
అప్పుడు ముట్టుకుంది నూకాలుని.
ఇందాక మా చింతపండైన చేతులే అవి.
ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

తెల్లారగట్ల ఏడుపు వినిపించింది, రేకులు మోగేట్టు.

గుంటని పళ్ళెం మీద పడుకోబెడితే
అంకె నిలవదు, కాళ్ళు ఊరుకుంటేగా.
తక్కెడ దించుదామంటే
రాళ్ళు రాయగడలో ఉన్నాయి.
అరచేతుల్లోకి ఎత్తుకున్నాను.
బస్తాను ఎత్తి పావుకేజీ తేడా చెప్పే చేతులు ఇవి.
ఏమీ చెప్పలేదు.

పొద్దున ఖాతా రాశాను.
వెళ్ళినవి: చింతపండు, చోళ్ళు, సన్నికల్లు, ఇనుము.
వచ్చినవారు: ఇద్దరు.
ఎక్కడి నుంచి అన్న గడిలో
ఒకరికి రాయగడ అని రాసి
రెండో గడి దగ్గర కలం ఆగింది.

తేడా ఎందుకొచ్చిందో వివరించమని
భువనేశ్వర్ నుంచి మూడు కాగితాలు వచ్చాయి.
రాళ్ళు ఇంకా రాలేదు.